మట్టి కింద జాయింటు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు ఐదుగురు.

ఇంటి యజమాని వెంకటరావు, ఉక్కు కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. ఆయన భార్య కాంతం. కొడుకు మోహిత్, టెల్కో వైపు ట్రక్కుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి నిద్రపోతున్నాడు. కోడలు బిందుప్రియ పురిటి గదిలో ఉంది. ఐదో మనిషి ఆమె పక్కలో ఉన్న ఆడపిల్ల. పుట్టి మూడు వారాలు. పేరింకా పెట్టలేదు.

పొద్దున్నే వెంకటరావు పెరట్లో మొక్కలకు నీళ్లు పెడదామని బోరు పంపు దగ్గరికి వెళ్లాడు. పంపు ముట్టుకున్నాడు. కరెంటు కొట్టి అక్కడే పోయాడు. కాసేపటికి కాంతం పెరట్లోకి వెళ్లి చూసి కేక పెట్టింది. మిగిలినవాళ్లకు ఆ కేకతోనే తెలిసింది.

పోలీసులకు ఇంటివాళ్లు చెప్పింది ఇదే. శైలజ దాన్ని ఎన్నిసార్లు మనసులో తిప్పుకున్నా ఒక్కచోట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. కద్మా కాలనీలో ఆ ఇల్లు ఎంతని? మూడు గదులు, ఓ వెనక వసారా, ఓ పెరడు. అంత ఇంట్లో నలుగురు పెద్దవాళ్లున్నారు. ఆ పొద్దున ఒక్కరి కంటా ఇంకొకరు పడలేదట. కొత్తగా బిడ్డ పుట్టిన ఇంట్లో అలా ఎక్కడైనా జరుగుతుందా?

శైలజ డిటెక్టివ్ అంటే మొదట ఎవరూ నమ్మరు. గొంతు పెద్దది కాదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురాదు. ఈ పనిలోకి రాకముందు సాక్చి బజారులో కరెంటు సామాన్ల దుకాణంలో తీగలు కొలిచి అమ్మేది. కేబులు ముక్క చేతికిస్తే కళ్లు మూసుకుని అది గోడలోకో మట్టిలోకో చెప్పగలదు. అందుకే చిలకమ్మ అగ్రికో నుంచి ఆటో కట్టించుకుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

చిలకమ్మ భర్త పైడిబాబు ఎలక్ట్రీషియన్. ఆ పంపుకి మట్టిలోంచి కరెంటు తీసుకెళ్లింది అతనే. ఇప్పుడు స్టేషన్ లాకప్‌లో ఉన్నాడు. మధ్యాహ్నం మూడు గంటలకు కోర్టుకు తీసుకెళతారు. అక్కడి నుంచి జైలుకి. జైలుకెళ్లి వచ్చినవాడిని తన ఇంట్లో తీగ ముట్టుకోమని ఎవరూ పిలవరు.

శైలజ లాకప్ ముందు నిలబడేసరికి పైడిబాబు చాయ్ చల్లారిపోయిందని కానిస్టేబుల్‌తో దెబ్బలాడుతున్నాడు.

"ఏటమ్మా, నువ్వా డిటెక్టివ్వి?" అన్నాడు ఆమెను ఎగాదిగా చూసి. "మా చిలకమ్మకి మగోడెవడూ దొరకనేదా?"

"ఒకాయన దొరికాడట అన్నా. మీ పేరు చెప్పగానే వేరే పనుందన్నాడట."

పైడిబాబు కాసేపు చూసి ముక్కుతో నవ్వాడు. ఆ నోటికి భయపడని కాలనీ ఆ చుట్టుపక్కల లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"ఆ ఇంట్లో మీరు వేసిన తీగ ఏది?"

"ఆర్మర్డు కేబులు. పైన ఇనప తీగల సుట్టుంటాది సూడు, అదీ. ఆ ముసిలాయన ఏటన్నాడు? ఇంట్లోకేసే వైరే ఓ పైపులో తోసి కప్పెట్టీ అన్నాడు. నానొప్పుకోనేదు. గోడలో ఉండే వైరు వేరు, మట్టిలో పడుకునే వైరు వేరు. మట్టిలో నీరుంటాది, చెదుంటాది, రాయి నొక్కుతాది. రేపెవడో గునపం దింపుతాడు. దానికే దెబ్బలాడుకున్నాం. ఈధంతా ఇన్నాది. ఇప్పుడా దెబ్బలాటే నా మెడకి సుట్టుకుంది."

"ఎన్ని జాయింట్లు వేశారు?"

పైడిబాబు ఊచల దగ్గరికి వచ్చేశాడు.

"నా తీగలో అతుకుండదమ్మా. బోర్డు నుంచి పంపు దాకా ఒకటే తీగ. కింద ఇసక, పైన ఇటికలు, ఆ పైన పసుప్పచ్చ పట్టీ. తవ్వినోడికి ముందు పట్టీ కనపడాల, ఆగాల. అలాగేశాను."

"తవ్విన చోట జాయింటు కనపడింది."

"అయితే అది నాది కాదు."

"మరి ఎవరిది?"

"నన్నడిగితే? నానిక్కడ కూకున్నాను. ఎల్లి దాన్నే అడుగు."

వెనక నుంచి బూట్ల చప్పుడైంది. ఎస్సై సూర్యప్రకాష్. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబమే, కానీ పుట్టి పెరిగింది ఈ హిందీ ఊళ్లోనే. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, సగమే మాట్లాడతాడు.

"హో గయా మేడమ్? వీడు మిమ్మల్ని కూడా తిట్టాడా?"

"ఇంకా లేదు సర్. పోయినాయన ఒంటి మీద కాలిన గుర్తు ఎక్కడుంది?"

"కుడి చేతి వేళ్ల మీద. వెనక వైపు. పడిపోతూ పంపుకి తగిలి ఉంటాడు."

"చెప్పులు?"

"వసారా మెట్టు దగ్గర విడిచి ఉన్నాయి. క్యోఁ, ఎందుకు?"

"వానాకాలం. పెరడంతా బురద. మొక్కలకు నీళ్లు పెట్టేవాడు చెప్పులు విడిచి ఎందుకు వెళతాడు?" అని ఆగింది శైలజ. "అసలు వానాకాలంలో మొక్కలకు నీళ్లెందుకు?"

సూర్యప్రకాష్ నవ్వాడు కానీ, ఆ నవ్వు మొదలైనంత గట్టిగా ముగియలేదు.

"దేఖియే మేడమ్. మట్టిలో చెత్త జాయింటు ఉంది. షాక్ కొడితే పడిపోవాల్సిన స్విచ్చుని ఎవరో తీగ ముక్క వేసి తప్పించేశారు. రెండూ ఎలక్ట్రీషియన్ పనులు. ఎలక్ట్రీషియన్ నా దగ్గర ఉన్నాడు. మీరు చెప్పుల దగ్గర ఉన్నారు."

"నేను జాయింటు దగ్గరికి కూడా వెళతాను సర్, మీరు రానిస్తే."

"రానివ్వడమేంటి, నేనూ వస్తాను. మీరు అక్కడ ఏమైనా అటూ ఇటూ చేస్తే?"

"నిజమే. మీరుంటే ఆ చెడ్డపేరు ఇద్దరికీ వస్తుంది," అంది శైలజ. లోపల పైడిబాబు ఈసారి పైకే నవ్వాడు.

*

పెరట్లో పోలీసులు తవ్వించిన గాడి వసారా నుంచి పంపు దాకా తెరిచి ఉంది. మీటరు దగ్గరే ఫ్యూజు తీసేశామని సూర్యప్రకాష్ చెప్పాడు. అయినా శైలజ టెస్టర్ పెట్టి చూసుకున్నాకే గాడిలోకి దిగింది.

"నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది సర్. ఫ్యూజు మీదే లేదు."

పంపు వైపు నుంచి చూసుకుంటూ వచ్చింది. పైడిబాబు చెప్పినట్టే ఉంది. ఇసక పరుపు మీద నల్లటి కేబులు, దాని పైన పక్కపక్కనే పేర్చిన ఇటుకలు, ఆ పైన పసుపుపచ్చ ప్లాస్టిక్ పట్టీ. ఆ వరస ఒక్క చోట తెగింది. అక్కడ ఇసక లేదు, బంకమట్టే ఉంది. ఇటుకలు ఎలా పడితే అలా పడి ఉన్నాయి. పట్టీని కోసేశారు. దానికి ఆనుకుని కొత్తగా కట్టిన గచ్చు. నీళ్లు పోవడానికి చిన్న కాలువ కూడా ఉంది.

"ఇదేమిటి సర్?"

"బాత్రూమ్ జైసా కుఛ్, బాత్రూమ్ లాంటిదే. బాలింత స్నానానికట."

"ఇది కట్టేటప్పుడు గునపం కేబులు మీద పడింది. పడ్డాక ఎవరో అతికారు. ఆ వరస చేసిన చెయ్యి ఒకటి, ఈ చోట కప్పెట్టిన చెయ్యి ఇంకొకటి."

"ఒకే మనిషి ఒక పూట శ్రద్ధగా, ఇంకో పూట బద్ధకంగా చెయ్యొచ్చు కదా?"

"చెయ్యొచ్చు. చూద్దాం."

జాయింటు చుట్టూ ఉన్న టేపుని వేలితో తడిమింది. దుకాణంలో అమ్మే నిగనిగలాడే ప్లాస్టిక్ టేపు కాదు. నల్లటి బట్ట టేపు. ప్రతి చుట్టూ కింది చుట్టులో సరిగ్గా సగం కప్పుతూ వచ్చింది. ఎక్కడా ముడత లేదు. ఇంత ఓపికగా చుట్టినవాడు బద్ధకస్తుడు కాదు. మెల్లగా విప్పింది. లోపల ఎర్ర తీగ రెండు కొసలనూ కలుపుతూ చిన్న ముక్క. ముక్కకు రెండు వైపులా రాగి క్లిప్పులు వేసి గట్టిగా నొక్కారు. ఆ ముక్క రంగు ఆకుపచ్చ. దాని మీద పొడుగునా తెల్లటి చార.

శైలజ ఆ చారను చూస్తూ ఉండిపోయింది. ఇంటి తీగలకు ఇలాంటి తెల్ల చార ఉండదు. దుకాణంలో ఉన్నన్నాళ్లూ ఆమె తెల్ల చార తీగ అమ్మలేదు.

"క్యా హువా?"

"ఈ జాయింటు వేసినవాడికి మంచి పనితనం ఉంది సర్. ఎర్ర తీగని ఎంత పొందికగా నొక్కాడో చూడండి. చెయ్యి తిరిగినవాడు. కానీ అతనికి మట్టి సంగతి తెలియదు." ఆమె కాస్త పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది. "మట్టిలో అసలు జాయింటే వేయకూడదు. తప్పనిసరైతే ఒక్కో తీగనీ విడివిడిగా కలుపుతారు. రెండు అతుకులూ ఒకే చోటికి రాకుండా ఎడంగా వేస్తారు. పైన గొట్టం తొడిగి, లోపల జిగురు పోసి, రాయిలా గడ్డకట్టనిస్తారు. చుక్క నీరు దూరకూడదు. ఈ బట్ట టేపు నీళ్లను ఆపదు. పీల్చుకుంటుంది."

"అయితే తడికి షార్ట్ అయింది. అంతే కదా?"

"అంతే అయితే ఫ్యూజు పోయేది. ఆయన బతికేవారు. ఇది చూడండి."

నల్ల తీగ కొసను, కేబులు పైనుండే ఇనప చుట్టునీ కలిపి మెలితిప్పారు. అటువైపు కూడా అలాగే చేశారు. రెంటికీ కన్నమున్న రాగి బిళ్లలు నొక్కి, మధ్యలో ఒకే ఒక బోల్టు బిగించారు. బోల్టు తుప్పు పట్టి పొట్టు లేస్తోంది. ఇంటి వైపు బిళ్ల తెగి పక్కకు వేలాడుతోంది.

"ఎర్ర తీగలో వెళ్లిన కరెంటు మోటారు తిప్పి నల్ల తీగలో తిరిగొస్తుంది. ఇనప చుట్టు అందుకు కాదు. ఏదైనా తేడా వస్తే కరెంటుని భూమిలోకి లాగి మనిషిని కాపాడడానికి. ఇవి రెండూ ఎప్పుడూ కలవకూడదు. ఇక్కడ రెండూ ఒక బోల్టుకి కట్టారు. ఆ బోల్టు ఊడింది. వెళ్లిన కరెంటుకి తిరిగొచ్చే దారి పోయింది, మనిషిని కాపాడే దారీ పోయింది. ఇక అదెక్కడికి పోతుంది? ఇనప చుట్టులోంచి పంపు ఒంట్లోకి, పైపులోకి."

సూర్యప్రకాష్ గాడి అంచున గొంతుక్కూర్చున్నాడు.

"మరి ఆ స్విచ్చు?"

"అది పైడిబాబు పెట్టిందే. వెళ్లిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అని చూసి, తక్కువైతే పడిపోతుంది. నల్ల తీగని ఇనప చుట్టుకి కట్టిన రోజు నుంచే అది పడిపోతూ ఉండాలి. స్విచ్చు ఉన్న మాటే చెప్పింది సర్. చెప్పిన నోరు కట్టేశారు."

ఇద్దరూ వసారాలో బోర్డు దగ్గరికి వెళ్లారు. స్విచ్చుని తప్పిస్తూ వేసిన తీగ ముక్క కూడా ఆకుపచ్చదే. దాని మీదా తెల్ల చార ఉంది.

"ఈ వసారాకి గ్రిల్లుంది. తాళం ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది," అంది శైలజ.

"ఇంటివాళ్లా? సొంత మనిషిని?" సూర్యప్రకాష్ గొంతు తగ్గించాడు. "మేడమ్, నిన్ననే దహనం అయింది. ఆ ముసలావిడ మీద ఈ మాట అంటారా? పైడిబాబుని వదిలించడానికి మీరేమైనా అంటారు."

"చంపడానికి చేసిన పనని నేననలేదు. బాగుచేద్దామని చేసిన పని."

"ముఝే సబూత్ చాహియే, రుజువు కావాలి. ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. ఈ తీగ ముక్క ఏ బజారులోనైనా దొరుకుతుంది. మూడింటికి నా బండి కదులుతుంది."

శైలజ పంపు దగ్గరికి నడిచింది. పైకి వచ్చిన ఇనప పైపు మీద, రేకు నీడ ఉన్న వైపు, వానకు కరగకుండా మిగిలిన పసుపు మరక. మధ్యలో కుంకుమ బొట్టు.

"పూజ చేసి ఉంటారు," అన్నాడు సూర్యప్రకాష్.

"సర్, మీ ఇంట్లో బాలింత చేత నూతిలో చేద వేయించడం ఎప్పుడైనా చూశారా?"

"హమారే యహాఁ నూతి ఎక్కడిది? నల్లా ఉంది."

"వీళ్లకీ నూతి లేదు. బోరుంది."

*

బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున బాలింత మొదటిసారి నూతి దగ్గరికి వస్తుంది. పసుపు, కుంకుమ పెట్టి, చేద వేసి నీళ్లు తోడుతుంది. ఆ తర్వాతే పిల్లకు పేరు. ఇల్లు ఎక్కడికి మారినా ఈ ఆచారం ఆ ఇంటి ఆడవాళ్ల వెంట వస్తుంది. నూతి లేనిచోట బోరునే నూతి అనుకుంటారు.

సూర్యప్రకాష్ ఫోన్ రావడంతో గేటు దగ్గరే ఆగిపోయాడు. ముంగిట్లో అరుగు మీద ఎవరో వచ్చి వెళ్లిన గుర్తుగా చాయ్ గ్లాసులున్నాయి. గుమ్మంలో కాంతం కూర్చుని ఉంది. ఆమె వెనక గదిలో ఉయ్యాల మెల్లగా ఊగుతోంది. శైలజ లోపలికి అడుగు పెట్టలేదు. గుమ్మం బయట నేల మీదే కూర్చుంది.

"ఏమైనా తిన్నారా పిన్నీ?"

"తిన్నట్టే." కాంతం గొంతులో తడి లేదు. ఏడుపు అయిపోయిన గొంతు అది. "ఇంకా ఏటమ్మా, తవ్వడం అయిపోనేదా?"

"అయిపోయింది. పిల్లకి పేరేం అనుకున్నారు?"

కాంతం కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఆయన ఏదో అనుకున్నారు. నాకు చెప్పనేదు. ఆ రోజే చెప్తానన్నారు."

"ఆ రోజంటే, ఇరవై ఒకటో రోజు."

కాంతం కొంగు అంచుని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"పంపు మీద పసుపు చూశాను పిన్నీ. వసారాలో ఆయన చెప్పులున్నాయట. ఆ పొద్దున ఆయన మొక్కలకు నీళ్లు పెట్టలేదు. మీ కోడలు పిల్లని ఎత్తుకుని పంపు దగ్గర నిలబడింది. అవునా?"

"దానికీ పైడిబాబుకీ ఏటమ్మా సమ్మందం?"

"ఉంది. ఆయన చేతి వెనక కాలింది. కరెంటు ఉందేమోనని అనుమానం ఉన్నవాళ్లే చేతి వెనక తగిలించి చూస్తారు. అరచెయ్యి పెడితే వేళ్లు ముడుచుకుని పట్టేసుకుంటాయని. అలా చూడడమూ ప్రమాదమే, కానీ కార్ఖానా మనుషులకు అలవాటు. ఆయనకి ముందే అనుమానం ఉంది."

కాంతం తలుపు చెక్కకు తల ఆనించింది. 

"ముందు రోజే అన్నారు, పంపు జిల్లుమంతంది కాంతం అని. అబ్బాయికి చెప్పకు, నొచ్చుకుంటాడు, పండగయ్యాక పైడిబాబునే పిలుత్తాను, నాలుగు తిడతాడు, పడతాను అన్నారు. పొద్దుట స్విచ్చేత్తే మోటారు తిరగనేదు. కోడలు పసుపు చేత్తో పైపు ముట్టుకోబోయింది. ఆగమ్మా అన్నారు. నువ్వు ముట్టుకోకు, నేనోపాలి సూత్తానన్నారు."

గదిలో ఉయ్యాల గొలుసు కిర్రుమంది.

"ఈ మాట పోలీసులకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"ఎలా చెప్తానమ్మా? రేపు మనోళ్లంతా వత్తారు. చేద వేసిన రోజే తాతని మింగేసిందంటారు నా మనవరాలిని. అది పెద్దయ్యాక కూడా అంటారు. పెళ్లినాడూ అంటారు. మా అత్తోరింట్లో ఒక పిల్లని అలాగే అన్నారు. దానికి ముప్పయ్యేళ్లొచ్చినా ఆ మాట పోనేదు. ఆయన మొక్కలకెళ్లి పోయారంటే ఎవరికీ ఏ మాటా ఉండదని..."

శైలజకు లాకప్‌లో ఊచలు పట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఇటు ఉయ్యాల. రెంటికీ మధ్య తను కూర్చున్న గుమ్మం.

"ఆయన ఆ పిల్లనీ, దాని తల్లినీ కాపాడి పోయారు పిన్నీ. మింగిందని ఎందుకంటారు? నిజం చెబితే ఆ మాటే నిలుస్తుంది. అబద్ధం చెబితే ఓ రోజు ఎవరో పసుపు మరక చూసి తమకు తోచింది అంటారు."

కాంతం కళ్లు మొదటిసారి ఆమె మీద నిలిచాయి.

"నువ్వు మంచిగానే చెప్తన్నావు. అయితే నేనేటి చెప్పాలి?"

"ఆ గచ్చు కోసం ఎవరు తవ్వారో చెప్పండి. కేబులు తెగితే ఎవరు అతికారో చెప్పండి."

కాంతం నోరు మూసుకుపోయింది. ఎంత గట్టిగానంటే, ఇందాకటి మాటలన్నీ వేరే మనిషివన్నట్టు.

"నాకు తెలీదు."

శైలజ చూపు ఆమె భుజం మీదుగా గదిలోకి పోయింది. ఉయ్యాల దూలానికి గొలుసుతో వేలాడుతోంది. గొలుసు కొక్కేనికి తాడు ముడి వేసిన చోట, పిల్ల చేతికి గీరుకోకుండా, ఎవరో టేపు చుట్టారు. నల్లటి బట్ట టేపు. ప్రతి చుట్టూ కింది చుట్టులో సగం కప్పుతూ, ఒక్క ముడత లేకుండా.

చార ఉన్న ఆకుపచ్చ తీగ ఎక్కడిదో ఆమెకు అప్పుడు తట్టింది. దుకాణం ఎదురుగా లారీ మెకానిక్ షెడ్డు ఉండేది. ఇంజను మూత ఎత్తితే లోపల అన్నీ చారల తీగలే. అన్నిటికీ బట్ట టేపే. ఇంకో సంగతి కూడా ఆ షెడ్డులోనే చూసింది. ట్రక్కులో కరెంటు తిరిగి వెళ్లడానికి వేరే తీగ ఉండదు. నల్ల తీగని తెచ్చి దగ్గరున్న ఇనుముకి ఒక బోల్టుతో బిగించేస్తారు. బండి ఒళ్లే దారి. రోజంతా అదే పని చేసే చెయ్యి, మట్టిలో ఇనప చుట్టు కనపడగానే ఏం చేస్తుంది?

అది నిర్లక్ష్యం కాదు. ఆ చెయ్యి నేర్చుకున్న పనిని నేర్చుకున్నట్టే చేసింది, ఇంకాస్త గట్టిగా.

కాంతం ఆమె చూపు ఎటు పోయిందో చూసింది. వెనక్కి తిరిగి ఉయ్యాల వైపు చూసింది. మళ్లీ ఇటు తిరిగినప్పుడు ఆ ముఖంలో కోపం లేదు, బతిమాలడం ఉంది.

"వాడికి తెలీదమ్మా," అంది, పెదవులు కదలనంత మెల్లగా. "తొలి పురుడని, పెళ్లానికి చన్నీళ్ల తుంపర తగలకూడదని తన చేత్తో గచ్చు కట్టాడు. నాన్నకి శ్రమ తగ్గాలని ఆ తీగా తనే బాగుచేశాడు. పైడిబాబుని పట్టుకెళ్లారని కూడా వాడికి చెప్పనేదు. తండ్రికి తలకొరివి పెట్టిన చేతులమ్మా అవి. ఇది వింటే ఆ చేతుల్తో ఇంకేటి చేసుకుంటాడో."

"పిన్నీ, మూడింటికి..."

"ఒక్క పదిరోజులు ఆగమను. కర్మలవనీ. నేనే వచ్చి చెప్తాను. నేనే తవ్వానంటాను, నేనే కట్టానంటాను. నన్ను పట్టుకెళ్లమను."

"మీరు కట్టారంటే ఎవరు నమ్ముతారు?"

"నమ్మించుకుంటాను."

వెనక గేటు చప్పుడైంది. సూర్యప్రకాష్ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నడిచి వస్తున్నాడు. "హాఁ, గాడీ నికాలో, మైఁ ఆ రహా హూఁ," అంటున్నాడు ఎవరితోనో, బండి బయటికి తీయమని. శైలజ పక్కన వచ్చి నిలబడి, వాచీ వైపు చూపించాడు.

అప్పుడే ఉయ్యాల ఆగింది.

ఇంతసేపూ దాన్ని ఊపుతున్నది బిందుప్రియ అనుకుంది శైలజ. తలుపు చాటు నుంచి వచ్చింది మోహిత్. తెల్ల పంచె, భుజం మీద తుండు, మూడు రోజుల గడ్డం. ఇరవై ఐదేళ్లుంటాయేమో. వేళ్ల చివర్లు గట్టిపడి ఉన్నాయి, రోజూ సన్న తీగలు నొక్కే వేళ్లలా. అతను తల్లిని గానీ ఎస్సైని గానీ చూడలేదు. శైలజనే చూశాడు. పరీక్షలో రాసింది సరైనదో కాదో మాస్టారుని అడిగే పిల్లాడి చూపు అది.

"దీదీ, ఏక్ బాత్ పూఛూఁ? ఒక మాట అడగనా?"

"మోహితూ, లోపలికెళ్లు," అంది కాంతం.

అతను వెళ్లలేదు.

"ఆ బ్లాక్ వైరు... బాడీకే కదా కట్టాలి? ట్రక్ మే తో ఐసా హీ హోతా హై, ట్రక్కులో అలాగే కడతాం. నేను బోల్టు రెండుసార్లు బిగించాను. గట్టిగానే ఉంది. అది కరెక్టే కదా దీదీ?"

మూడు రోజులుగా అతను తనను తాను అడుగుతున్న ప్రశ్న అది. అతని గొంతు ఆ సంగతి చెప్పేసింది. సూర్యప్రకాష్ ఫోన్ చెవి నుంచి కిందికి దించాడు. అందులో ఎవరో హలో హలో అంటున్నారు. మళ్లీ పైకెత్తాడు.

"గాడీ రోకో, బండి ఆపు," అన్నాడు. "పైడిబాబుని అక్కడే ఉండనివ్వు. చాయ్ తెప్పించు. వేడిగా."

మోహిత్ ఇంకా ఎదురుచూస్తున్నాడు. శైలజ దగ్గర జవాబుంది. కాసేపటి కింద ఎస్సైకి పాఠంలా చెప్పింది అదే. కాదని తల ఊపలేదు, అవునని అబద్ధమూ ఆడలేకపోయింది. చూపు మాత్రం కిందికి దించుకుంది.

ఆ ఒక్కటే చాలింది. మోహిత్ తన రెండు చేతులనూ ముందుకు తెచ్చి చూసుకున్నాడు, వాటిని అప్పుడే ఎవరో తెచ్చి తనకు తగిలించినట్టు.

కాంతం నేల మీద చెయ్యి ఆన్చి లేచింది. కొడుకు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, అతన్ని తన వెనక్కి నెట్టింది. శైలజ వైపు చూసింది. తిట్టలేదు, ఏడవలేదు.

"పిల్ల లేచిపోతాది," అని తలుపు మూసేసింది.